గాలి పోయే చోట కుంకుమ

మూడేళ్ల తర్వాత ఆదోనిలోని ఆ దుకాణానికి మళ్లీ బయల్దేరినప్పుడు, ల్యాప్‌టాప్ చూడడానికి పోతున్నానని ఇంట్లో చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం, ఆ దుకాణం ఆసామి మొహం నలుగురిలో మాడిపోతుంటే కళ్లారా చూడాలన్న కోరిక. ల్యాప్‌టాప్ లేకుండా ఇంకో నెల ఎలాగో నెట్టుకొచ్చేదాన్నేమో. ఆ కోరిక తీరకపోతే మాత్రం నాకు అన్నం సహించేలా లేదు.

నాది ఎమ్మిగనూరు. మా నాన్న మగ్గం నేస్తాడు, అమ్మ కండెలు చుడుతుంది. నేను చీరల అంచులకు, కొంగులకు కంప్యూటర్లో డిజైన్లు గీస్తాను. తెర మీద సన్నటి గళ్లుంటాయి. నేను నింపిన గళ్లను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టలు మగ్గం మీద జకార్డుకు ఎక్కుతాయి, చిల్లు ఉన్న చోట పోగు లేస్తుంది. ఒక్క గడి తప్పితే నెమలి ముక్కు పోయి నెమలి మెడలోనే దిగుతుంది. తప్పు నాదైనా తిట్లు తినేది నేసేవాడు. అందుకే ఈ పనికి మంచి మిషను కావాలి.

మొదటి ల్యాప్‌టాప్ ఆ ఆదోని దుకాణంలోనే కొన్నాను. వాళ్లది తరాలుగా పత్తి వ్యాపారం చేసిన కుటుంబం. కొడుక్కి పత్తి దుమ్ము పడక కంప్యూటర్ల దుకాణం పెట్టాడు. తండ్రి మార్కెట్ యార్డుకు పోవడం మానేసి, కొడుకు దుకాణంలో గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కొడుక్కి మాటలు బాగా వచ్చు. డిజైన్లు గీసేవాళ్లకు మామూలు మిషన్లు చాలవనీ, గ్రాఫిక్స్ చిప్ విడిగా ఉన్నదే కావాలనీ, ఇది కొంటే పదేళ్లు తిరిగి చూడనక్కర్లేదనీ చెప్పాడు. నమ్మాను. అతను చెప్పినదాంట్లో ఒక్కటే నిజమైంది. తిరిగి చూడడానికి నా దగ్గర అది లేకుండా పోయింది.

ఆ ఏడు దసరాకు అమ్మ ఎప్పటిలాగే ఆయుధ పూజ చేసింది. మగ్గానికి, నాడెలకు, కండెలు చుట్టే రాట్నానికి, కత్తెరకు, మిక్సీకి, నాన్న మోపెడ్‌కు వరసగా బొట్లు పెట్టుకుంటూ వచ్చి నా బల్ల దగ్గర ఆగింది. తడి పసుపు చేత్తోనే ల్యాప్‌టాప్‌ను పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. మూత మీద పసుపు రాసి బొట్టు పెట్టింది. వెనకవైపు సన్నటి చీలికలుంటాయి, అక్కడినుంచి వెచ్చటి గాలి వస్తుంది. చలికాలం పొద్దున నేను పని చేసుకుంటుంటే ఆమె చాలాసార్లు అక్కడ చెయ్యి పెట్టి చూసింది. దీని ప్రాణం ఇక్కడే ఉంది అనుకుందో ఏమో, ఆ చీలికల మీద కూడా ఇంత కుంకుమ అద్దింది. నేను పక్కనే ఉన్నాను. చూసి నవ్వుకున్నాను. వద్దనలేదు. ఈ చివరి మాట చాలాకాలం నేను ఎవరికీ చెప్పలేదు.

పండగైన మూడు వారాలకు తెర మీద నిలువు గీతలు పడ్డాయి. రెండో రోజుకు గీతలు కూడా లేవు, అంతా నలుపే. సగం గీసిన కొంగు డిజైను అందులోనే ఉండిపోయింది. బస్సెక్కి ఆదోని పోయాను. అతను స్క్రూలు విప్పి, తెల్ల గుడ్డ పరిచి, దాని మీద ల్యాప్‌టాప్‌ను రెండుసార్లు తట్టాడు. చిటికెడు ఎర్రటి పొడి రాలింది. అతను ఆ గుడ్డను అలాగే పైకెత్తి దుకాణంలో ఉన్నవాళ్లందరికీ చూపించాడు.

“ఇది కంప్యూటరా మేడం, అమ్మవారా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది. అవమానం జరుగుతున్నప్పుడు మనం కూడా నవ్వితే అది కొంచెం తగ్గుతుందని అనుకుంటాం. తగ్గదు. ఫ్యాన్‌లోకి పొడి పోయి బోర్డు కాలిపోయిందనీ, ఇలాంటివాటికి వారంటీ చెల్లదనీ అతను చెప్పాడు. చచ్చిన మిషన్ ఇంటికి మోసుకుపోయి ఏం చేస్తారు, ఇక్కడ వదిలేయండి, విడి భాగాలకైనా పనికొస్తుంది అన్నాడు. బదులుగా ఒక మౌసు చేతిలో పెట్టాడు. ల్యాప్‌టాప్ లేనిదానికి మౌసు. నేను దాన్ని తీసుకున్నాను కూడా. అది తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లోనే రాట్నం ముందు ఉంది. బాగైందా అని అడిగింది. దారి పొడుగునా మింగినదంతా అక్కడ కక్కాను.

“గాలి పోయే సోట ఎవురన్నా కుంకుమ పెడ్తారా? నా నోటికాడి కూడు తీసేస్తివి గదమ్మా.”

అమ్మ తెగిన పోగు ముడి వేసుకుని మళ్లీ రాట్నం తిప్పింది.

ఒక్కసారి అని ఊరుకుంటే సరిపోయేది. నేను దాన్ని కథ చేశాను. డిజైన్ల కోసం వచ్చిన నేతవాళ్లకు, మా మేనత్తకు, పెళ్లిళ్లలో కనిపించిన చుట్టాలకు చెప్పాను. ఆలస్యం ఎందుకైందని ఎవరడిగినా మా అమ్మ ల్యాప్‌టాప్‌కు బొట్టు పెట్టి చంపేసిందని చెప్పేదాన్ని. అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. అమ్మ అక్కడే కండెలు చుడుతూ వినేది. మరుసటేడు దసరాకు ఆమె పళ్లెం తెచ్చి నాన్న చేతిలో పెట్టింది. మగ్గానికి కూడా తను బొట్టు పెట్టలేదు. పెళ్లై వచ్చిన నాటినుంచి ఆ మగ్గానికి ఆమె చేతి బొట్టే. నా బల్ల మీద దుమ్ము తుడవాలన్నా గడప అవతల నిల్చుని, “తుడ్సొచ్చునా పాపా?” అని అడిగేది. తుడవమనేదాన్ని. ఎందుకు అడుగుతున్నావని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

మూడేళ్లు ఒక జిరాక్స్ షాపులో గంటల లెక్కన కంప్యూటర్ తీసుకుని పని చేశాను. ఎవరి పెళ్లిపత్రికో, ఎవరి ఆధార్ కార్డో అచ్చయ్యేదాకా నా నెమళ్లు ఆగాల్సిందే. ఈ ఏడు శ్రావణంలో, నేతవాళ్లకు పని ఇచ్చే మాస్టర్ వీవర్ ఒకాయన పన్నెండు కొంగుల డిజైన్లు అడిగాడు. పెళ్లిళ్ల కాలం లోపల ఇవ్వాలి, లేదంటే పని ధర్మవరం వాళ్లకు పోతుంది. ఇక సొంత ల్యాప్‌టాప్ తప్పదనుకున్నాను.

ఒకసారి దెబ్బ తిన్నదాన్ని కదా, ఈసారి ఎవరి మాటా నమ్మదలచుకోలేదు. ఫోన్‌లో నెల రోజులు చదివాను. ఎంత చదివితే అంత భయం. ఒకదానికి బ్యాటరీ ఉబ్బుతుందంటారు, ఇంకోదానికి మూత విరుగుతుందంటారు. చివరికి ఒక మోడల్ మీద మనసు పడింది. కొందామని తీర్మానించుకున్న రోజే దాని మీద కూడా వార్తలు మొదలయ్యాయి. అందులోని గ్రాఫిక్స్ చిప్పుల్లో లోపం ఉందట. చిప్ వేడెక్కి, చల్లారి, మళ్లీ వేడెక్కి, కింద దాన్ని పట్టుకుని ఉన్న సీసపు అతుకులు చిట్లిపోతాయట. ముందు తెర మీద నిలువు గీతలు పడతాయి, తర్వాత అంతా నలుపు.

అక్కడ నా చెయ్యి ఆగింది. ఆ నిలువు గీతలు నేను ఎరుగుదును.

ఇంకా కిందికి చదివాను. ఈ జబ్బు కొత్తది కాదనీ, అంతకుముందు వచ్చిన మోడళ్లకూ ఉండిందనీ ఒక పట్టిక ఇచ్చారు. మగ్గం నమూనాలు దాచుకునే డబ్బాలోంచి పాత బిల్లు తీసి ఒక్కో అక్షరం సరిపోల్చాను. నా ల్యాప్‌టాప్ అందులో ఉంది. ఆ పట్టికలో ఉన్నవాటికి కంపెనీ ఉచితంగా బోర్డు మారుస్తానని ఒప్పుకుందట. అమ్మేవాళ్లందరికీ ఆ సంగతి తెలియజేసిందట. ఎప్పుడు? ఆ ఏడు ఎండాకాలంలో. అమ్మ కుంకుమ పెట్టడానికి నాలుగైదు నెలల ముందు. నేను ఈ వార్త చదివేసరికి ఆ గడువు దాటిపోయి చాలాకాలమైంది.

అంటే తెల్ల గుడ్డ మీద కుంకుమ తట్టి చూపించిన రోజుకు అతనికి అంతా తెలుసు.

ఆ క్షణాన లేచి పోయి అమ్మకు చెప్పాలి. మనిషన్నవాళ్లు చేసే పని అదే. ఆమె పక్క గదిలోనే ఉంది, రాట్నం చప్పుడు వినిపిస్తోంది. నేను లేవలేదు. ఉత్త చేతులతో పోయి చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. ముందు వాడి పీక పట్టుకోవాలి, వాడి నోటితోనే నిజం కక్కించాలి, అప్పుడు చెప్పాలి. ఆ రోజునుంచి పదిహేను రోజులు నేను కడుపు నిండా పగతోనే బతికాను. బియ్యం ఏరుతున్నా అదే, తల దువ్వుకుంటున్నా అదే. ఇన్ని మాటలు నాకు వచ్చునని నాకే తెలియదు.

దసరాకు వారం ముందు ఆదోని బస్సెక్కాను. దసరా రాత్రి జరిగే కర్రల సమరానికి దేవరగట్టు చుట్టుపక్కల ఊళ్లలో కర్రలకు నూనె పట్టించే రోజులవి. నేను నా మాటలకు పట్టిస్తూ కూర్చున్నాను. ఆదోని దగ్గరపడేసరికి పెద్ద గోతాల్లాంటి పత్తి బోరేలు ఎత్తిన ట్రాక్టర్లు బస్సుకు అడ్డం పడ్డాయి. అరగంట కదల్లేదు. ఆ అరగంటలో అతన్ని ఇంకో నాలుగు రకాలుగా చంపాను.

దుకాణంలో పండగ బేరాలు. ఐదారుగురు ఉన్నారు. పెద్దాయన గుమ్మం పక్కన అదే కుర్చీలో ఉన్నాడు. కొడుకు నన్ను చూసి రండి మేడం అన్నాడు. గుర్తుపట్టలేదు. నేను మూడేళ్లుగా రోజూ తలుచుకున్న మనిషికి నేనెవరో తెలియదు. ఒళ్లు మండిపోయింది.

ముందు కొత్త మోడల్ పేరు చెప్పి, దాని గ్రాఫిక్స్ చిప్ గురించి ఏవో వార్తలొస్తున్నాయి కదన్నా అని మెత్తగా అడిగాను. ఈసారైనా నిజం చెబుతాడా అని చూశాను. అవన్నీ పని లేనివాళ్లు ఫోన్లలో రాసే పుకార్లని తీసిపారేశాడు. అయినా నా మొహంలో అనుమానం కనిపించిందేమో, కౌంటర్ కింద నుంచి ఒక పాత ల్యాప్‌టాప్ తీసి ముందు పెట్టాడు. దుకాణంలో బిల్లులు కొట్టడానికి రెండేళ్లకు పైగా తనే వాడాడట. ఒక్క రోజు కూడా మొరాయించలేదట. కొత్త మిషన్ తెచ్చుకున్నాడు కాబట్టి దీన్ని సగం ధరకు ఇచ్చేస్తాడట.

అది నా మోడలే. అలవాటుగా వెనక్కి తిప్పాను. అడుగున మిషన్ నంబరు అచ్చేసిన కాగితం అతికించి ఉంటుంది. ఆ కాగితం మూలన పసుపు రంగు వేలిముద్ర ఉంది. బొటనవేలు. వెలిసిపోయినా గీతలు తెలుస్తున్నాయి. ప్లాస్టిక్ మీది పసుపు తుడిస్తే పోతుంది. కాగితం పీల్చుకున్న పసుపు పోదు.

బ్యాగులోంచి బిల్లు తీసి నంబరు చూసుకోవాల్సిన అవసరం కూడా లేదు. అయినా చూసుకున్నాను. అదే నంబరు. సంతోషం పట్టలేకపోయాను. ఇంత మంచి అవకాశం మొక్కుకున్నా దొరకదు.

లోపల ఎలా ఉందో చూడాలి, విప్పి చూపించన్నా అన్నాను. అతను నవ్వి, అలా విప్పకూడదన్నాడు. నేను అతన్ని వదిలేసి పెద్దాయన వైపు తిరిగాను. ఆయన యార్డులో యాభై ఏళ్లు పత్తి కొన్న మనిషి. పైన తెల్లటి పత్తి కనబడితే బేరమాడే రకం కాదు. మోచేతి దాకా బోరెంలోకి చెయ్యి దూర్చి, నడుమ ఉన్న పత్తి లాగి, రెండు వేళ్ల మధ్య సాగదీసి చూసేవాడు. ఆదోనిలో ఆ పద్ధతి తెలియని రైతు లేడు.

“పెద్దయ్యా, మీరు బోరెంలో చెయ్యి పెట్టకుండా ఎప్పుడన్నా పత్తి కొన్నారా?” అని అడిగాను.

ఆయన కొడుకు వైపు చూశాడు. “వాడిన సరుకు, ఇప్పి సూపియ్యప్పా. అడిగేదాంట్లో తప్పేముండాది?”

నలుగురి ముందర తండ్రి మాట. అతను స్క్రూలు విప్పాడు. నేను నా తెల్ల చున్నీ కొంగు కౌంటర్ మీద పరిచాను. లోపల ఫ్యాన్ ఉంది, దుమ్ము ఉంది. గాలి పోయే చీలికల మూలల్లో పసుపు తడికి గట్టిపడిపోయిన ఎర్రటి కుంకుమ అలాగే ఉంది. మూడేళ్లుగా ఎవరూ దాన్ని గీకలేదు.

ఇదేమిటన్నా అని అడిగాను. అతను చూశాడు. నన్ను చూశాడు. అప్పుడు గుర్తుపట్టాడు. నేను అడుగు కాగితం మీది నంబరు, నా బిల్లు మీది నంబరు పక్కపక్కన పెట్టి పెద్దాయనకు చూపించాను. తర్వాత అందరికీ వినబడేలా చెప్పాను. మూడేళ్ల కింద ఈ కుంకుమ వల్లే ఈ మిషన్ కాలిపోయిందని ఇదే కౌంటర్ దగ్గర నన్ను నవ్వులపాలు చేశాడు. ఆ కుంకుమ ఇంకా అందులోనే ఉంది. దాంతోనే రెండేళ్లు బిల్లులు కొట్టుకున్నాడు. ఒక్క రోజూ మొరాయించలేదని ఇప్పుడే తన నోటితో అన్నాడు.

“అది బోర్డు మార్చినాక నడ్సింది మేడం,” అన్నాడు కంగారులో. “కంపెనీవాళ్లే ఊరికే మార్చిచ్చినారు.”

“యెవురి మిషనుకు యెవురికి మార్చిచ్చినార్రా?” అన్నాడు పెద్దాయన.

కొనడానికి వచ్చినవాళ్లలో ఒకాయన చేతిలో ఉన్న కొత్త పెట్టెను నెమ్మదిగా కౌంటర్ మీద పెట్టేసి బయటికి నడిచాడు. ఇంకొకాయన కూడా. ఆ దృశ్యం నేను ఇప్పటికీ అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను. పదిహేను రోజులు తయారుచేసుకున్న మాటల్లో సగం కూడా వాడకుండానే పని అయిపోయింది. అయినా నా కడుపు నిండలేదు. కొడుకు మిషన్ తీసుకుపొమ్మన్నాడు. నాకు మిషన్ వద్దన్నాను. మా అమ్మకు ఫోన్ చేస్తాను, ఆమె కుంకుమ వల్ల ఏమీ కాలేదని నీ నోటితో చెప్పాలన్నాను. ఇక్కడే, అందరూ వింటుండగా చెప్పాలన్నాను. అతను తండ్రి వైపు చూశాడు. తండ్రి ఫోన్ వైపు చూపించాడు.

ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. రాట్నం చప్పుడు వినిపించి ఆగింది. అమ్మా, ఆదోని దుకాణం ఆయన నీతో మాట్లాడతాడంట అన్నాను. అతను తలొంచుకుని, “అమ్మా, మీ కుంకుమతో మిషను పాడు కాల్యా. చిప్పులోనే లోపముండె. నాకు తెలిసీ సెప్పల్యా. తప్పయిపోయింది,” అన్నాడు. నేను అతని నెత్తి వైపు చూస్తూ నిల్చున్నాను. అంత హాయిగా నేనెప్పుడూ ఊపిరి పీల్చలేదు.

అవతల రాట్నం ఒక చుట్టు తిరిగి ఆగింది.

“నువ్వు నన్నేమంటివప్పా?” అంది అమ్మ మెల్లగా. “నువ్వు నన్ను సూసింది గూడా ల్యా. నన్ను అనింది నా కూతురు.”

అమ్మ ఫోన్ పెట్టేసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. అతని మొహం మాడడం చూడాలని వచ్చినదాన్ని, అతనే తలెత్తి నా మొహం చూశాడు. అందులో ఎగతాళి ఉంటే బాగుండేది, తిట్టి ఉండేదాన్ని. లేదు. పెద్దాయన కొడుకు చేత స్క్రూలు బిగించి, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టించి, ఇది మీదేనమ్మా, తీసుకపోండి అన్నాడు. ఈసారి వద్దనకుండా సంచి తీసుకున్నాను.

తిరుగు బస్సులో ఒళ్లో సంచి పెట్టుకుని లెక్క చూసుకున్నాను. అతను ఆ అబద్ధం ఒక్కసారి చెప్పాడు, అదీ వ్యాపారం కోసం. నేను మూడేళ్లు చెప్పాను, నవ్వించడం కోసం. అతని మీద పగ ఇప్పటికీ చల్లారలేదు. చల్లారాలని కూడా నాకు లేదు. కానీ అతనికి తగిన శిక్ష ఏదని ఆలోచించిన ప్రతిసారీ అది రెండో మనిషికి కూడా వర్తిస్తోంది.

ఇంటికి పోయాను. అన్నం తిన్నావా అని అడిగింది అమ్మ. ఫోన్ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పగ పట్టడం వచ్చినంత బాగా నాకు క్షమాపణ అడగడం రాదు. ఇక వేరే ల్యాప్‌టాప్ కొనలేదు. మార్చిన బోర్డుల్లో కూడా కొన్ని మళ్లీ పోతున్నాయని వార్తలున్నాయి. పోతే పోనీ అనుకుని దాని మీదే పన్నెండు కొంగులు మొదలుపెట్టాను. ప్రతి సాయంత్రం గీసినదంతా రెండు పెన్ డ్రైవుల్లో దాస్తున్నాను.

దసరా నాడు అమ్మ పళ్లెం సిద్ధం చేసి, ఎప్పటిలాగే నాన్నను పిలవబోయింది. నేను అడ్డం పోయాను. నువ్వే పెట్టమ్మా అన్నాను. అమ్మ పళ్లెం నాన్నకు ఇవ్వలేదు, నా చేతుల్లో పెట్టింది. మగ్గానికి, నాడెలకు, రాట్నానికి, మిక్సీకి అన్నిటికీ నా చేతే పెట్టించింది. చివరికి ఇద్దరం నా బల్ల దగ్గరికి వచ్చాం. ఈసారి ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. నేను ల్యాప్‌టాప్ ఎత్తి, మూడేళ్ల కింద ఆమె పెట్టిన చోటే పెడదామని కుంకుమ అద్దిన వేలు ఆ చీలికల దగ్గరికి తీసుకుపోయాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఇంకొంచెం పైన పెట్టు పాపా,” అంది. “అది గాలి పోయే సోటు.”